లేహ్‌లో డీజిల్ హీటర్ అంటుకుంటది, ఆగిపోతది. ఎవరికన్నా తెలుసా?

చక్రాల_ఇల్లు:
అన్నలూ జర హెల్ప్ చేయండి. మాది హైదరాబాద్, ఫోర్స్ ట్రావెలర్‌ని క్యాంపర్ చేయించినం, దాంట్ల చైనా 5 కిలోవాట్ డీజిల్ హీటర్ పెట్టిచ్చినం. ఫిట్టింగ్ మే నెలల అయింది, ఆ ఎండలో హీటర్ ఆన్ చేసి చూస్తుంటే షెడ్డుల పోరగాళ్లు ఒకటే నవ్వుడు, కానీ మస్తు నడిచింది. మనాలిలో గూడ ఏం కాలే. సర్చులో రాత్రి వేస్తే తెల్ల పొగ దండిగ వచ్చి పది నిమిషాలకి బంద్. ఇప్పుడు లేహ్‌లో ఉన్నం, ఇక్కడ మూడోసారికో నాలుగోసారికో అంటుకుంటది, నల్ల పొగ పోతది, గంట గంటన్నర నడిచి మళ్ల ఆగిపోతది. పంపు టిక్ టిక్ అంటనే ఉంది, బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది, ట్యాంకు సగం ఉంది. ఎల్లుండి హాన్లే పోవాలె. మా ఆవిడకి రెండ్రోజుల సంది పొద్దున లేస్తే తలనొప్పి, హైట్‌కి అట్లనే ఉంటది తగ్గుతది అంటున్నరు ఇక్కడ అందరు, అది వేరే సంగతి. గ్లో ప్లగ్, అదే ఎర్రగ కాలి డీజిల్‌ని అంటించేది, మార్చాల్నా? లేహ్‌లో దొరుకుతదా?

బుల్లెట్_రాజు:
బ్రో డీజిల్ గడ్డ కట్టి ఉంటది, అక్కడ వింటర్ డీజిల్ అమ్ముతారు అది పోయించు సెట్ అయిపోద్ది.

కొండమీద_వ్యాన్:
రాజుగారూ, సెప్టెంబర్లో అది కాదండీ. ఆ వింటర్ డీజిల్ ఇండియన్ ఆయిల్ వాళ్లు 2019లో లడఖ్ కోసం తెచ్చింది, మైనస్ 33 దాకా గడ్డ కట్టదు, నడి చలికాలానికి. డీజిల్లో మైనం తేలితే ముందు బండి ఇంజినే మొరాయిస్తుంది, ఆయన బండి శుభ్రంగా నడుస్తోందిగా.

నేను కొలరాడోలో ఉంటా, మాకు వ్యాన్లో ఇలాంటి హీటరే. డెన్వర్లో బాగా నడిచేది, లెడ్‌విల్ వైపు కొండెక్కి పడుకున్న రాత్రల్లా ఏడిపించేది. సంగతేంటంటే పంపు టిక్కుకింత అని కొలిచి డీజిల్ పోస్తుంది, గాలి పల్చబడిందని దానికి తెలీదు. లేహ్ 3,500 మీటర్లు, అక్కడ గాలి మన హైదరాబాద్‌తో పోలిస్తే పావు వంతుకి పైనే తక్కువ అనుకోండి, సర్చు, హాన్లే ఇంకా పైన. లాంతరు వత్తి ఎక్కువ పెంచితే చిమ్నీకి మసి పడుతుంది చూడండి, అచ్చం అదే, మసి లోపల పేరుకుని మంట ఆరిపోతుంది. కంట్రోలర్లో పంపు హెర్ట్జ్ (సెకనుకి ఎన్ని టిక్కులు) సెట్టింగ్ ఉంటుంది, పాస్‌వర్డ్ అడిగితే చాలావాటికి 1688. గరిష్ఠం 5.0 ఉంటే ఓ పావు వంతు తగ్గించి పొగ చూడండి, నలుపు పోయేదాకా కొంచెం కొంచెం దించండి. ఎత్తుని బట్టి వాటంతటవే సర్దుకునే మోడల్స్ కూడా ఉన్నాయి కానీ చవకవాటిలో చాలావరకు ఉండదు.

రిటైర్డ్_ఈఎంఈ:
బాబూ, హీటర్ సంగతి తర్వాత, ముందు మీ ఆవిడ తలనొప్పి సంగతి చెప్పు. బండి దిగి బయట తిరిగితే తగ్గుతోందా? గెస్ట్‌హౌస్‌లో పడుకున్న రోజు కూడా ఉందా? ఎత్తు వల్ల వచ్చే తలనొప్పి, పొగ వల్ల వచ్చే తలనొప్పి రెండూ ఒకేలా ఉంటాయి, లేహ్‌లో అందరూ మొదటిదే అనుకుంటారు. బుఖారీ (గదిలో పెట్టుకునే పొయ్యి) పెట్టుకుని తలుపులు బిగించుకు పడుకుని తెల్లారేసరికి లేవనివాళ్ల సంగతి ఆ ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు. ఇవాళ రాత్రి హీటర్ వెయ్యొద్దు. రూమ్ తీసుకోండి, తలనొప్పి తగ్గకపోతే డాక్టరుకి చూపించు.

రేపు పొద్దున బండి కిందకి దూరి చూడు. హీటర్ పొగ వదిలే సైలెన్సర్ గొట్టం బండి పక్కకి వచ్చిందా, కడుపు కిందే వదిలేశారా? హీటర్ గాలి పీల్చే గొట్టం దానికి ఎంత దూరం? దగ్గరైతే అది వదిలిన పొగే అది పీల్చుకుంటుంది, పైనుంచి గాలి పల్చన, ఇంక మంటేం నిలబడుతుంది.

12.6 అనేది ఊరికే ఉన్నప్పటి మాట. గ్లో ప్లగ్ ఎర్రబడేటప్పుడు 8, 10 ఆంపియర్లు లాగుతుంది, అప్పుడు హీటర్ దగ్గర మీటరు పెట్టి చూడు, బ్యాటరీ దగ్గర కాదు. ప్లగ్ ఊడదీస్తే దాని గూట్లో సన్న జాలీ ఉంటుంది, అది మసితో మూసుకుపోయుంటుంది. పంపు స్టవ్వుకి పిన్ను కొట్టేవాళ్లం, గుర్తుందా? ఇక్కడ పిన్నుతో పొడవకు, జాలీ చిరిగితే అంతే, మెల్లగా లాగి శుభ్రం చెయ్యి లేదా కొత్తది వెయ్యి.

చక్రాల_ఇల్లు:
సార్ మీకు దండం. రాత్రి గెస్ట్‌హౌస్‌లో పడుకున్నం, పొద్దున తలనొప్పి లేదు మా ఆవిడకి. బండి కింద చాప వేసుకొని పడుకొని చూసిన, సైలెన్సర్ గొట్టం సరిగ్గ ఫ్లోర్ నడిమిట్ల ఆపేసిండ్రు, గాలి గొట్టం దానికి జానెడు దూరంల. మీద హీటర్ కాడ క్లాంపు చేత్తో తిప్పితే తిరుగుతుంది, దాని చుట్టూ కాటుక పూసినట్టు నల్లగ ఉంది. ఆ పొగ వైర్ల కోసం కొట్టిన రంధ్రంలకెల్లి లోపలికే వస్తుందన్నట్టు. నాకైతే చెమటలు పట్టినయ్, మైనస్ చలిల.

వైరు గూడ మీరన్నట్టే. బ్యాటరీ వెనుక, హీటర్ డ్రైవర్ సీటు కింద, మధ్యల ట్యూబ్‌లైట్‌కి వేసే అంత సన్న వైరు. ప్లగ్ ఎర్రబడేటప్పుడు హీటర్ కాడ 10.7కి పడిపోయింది. ఇక్కడ మెకానిక్ ఒకాయన మందం వైరు వేసిండు, గొట్టం పక్కకి తీసి కొత్త క్లాంపు బిగించిండు, రంధ్రం మూసిండు, జాలీ బొగ్గు లెక్క ఉంటే మార్చిండు. పంపు 5.0 నుంచి 3.7 చేసినం, ఇప్పుడు పొగే కనవడ్తలేదు, ఫస్ట్ సారికే అంటుకుంది. ఫిట్టింగ్ చేసినాయన ఫోన్ ఎత్తుతలేడు. కార్బన్ మోనాక్సైడ్ అలారం, అదే ఆ పొగల ఉండే విషవాయువుని పసిగట్టి మోగేది, లేహ్‌లో నాలుగు షాపులు తిరిగినా దొరకలే.

రిటైర్డ్_ఈఎంఈ:
అలారం వచ్చేదాకా నిద్రలో వెయ్యొద్దు. పడుకునే ముందు మెలకువగా ఉండి, కిటికీ సందు తీసి, గంట వేసుకో చాలు. ఆపేటప్పుడు బటన్‌తో ఆపు, మెయిన్ స్విచ్ పీకెయ్యకు, ఫ్యాన్ దానంతటదే ఆగాలి.

చక్రాల_ఇల్లు:
సరే సార్. రెండు రజాయిలు కొన్నం, హాన్లేలో హోమ్‌స్టే గూడ మాట్లాడినం.