ఒక్క పాట వినడానికి 500 ఎంబీ ర్యామ్ కావాలా?

గోదారిగట్టు

మా నాన్నగారి ల్యాప్‌టాప్ 2014లో కొన్నది. 4 జీబీ ర్యామ్. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆపేసింది, 11 ఈ మెషీన్‌లో ఎక్కదు. పండక్కి ఇంటికెళ్లినప్పుడు విండోస్ బదులు లినక్స్ వేసి, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ పెట్టిచ్చాను. ఆయన పొద్దున్నే కొట్టు లెక్కలు రాసుకుంటూ పాటలు వింటారు. ఆయనకి కావలసింది ఒక లెక్కల షీటు, ఒక పాట. అంతే.

అలవాటున్న స్ట్రీమింగ్ యాప్ వేసి చూశాం. ఫ్యాను రయ్యిమని మొదలైంది. షీటులో అంకె కొడితే కాసేపటికి గానీ తెర మీద కనబడదు. నాన్న ఆ అంకె పడలేదనుకుని మళ్లీ కొట్టేవారు, 450 కాస్తా 450450 అయ్యేది. ప్రాసెస్‌ల జాబితా తెరిస్తే ఆ యాప్ ఒక్కటే అరడజను ముక్కలుగా నడుస్తూ దాదాపు 500 ఎంబీ పట్టుకుని కూర్చుంది.

ఒక చిన్న లెక్క చూడండి. సీడీ నాణ్యత శబ్దమంటే సెకనుకు 44,100 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు, రెండు చానళ్లు. అంతా కలిపి సెకనుకు సుమారు 176 కేబీ. అంటే 500 ఎంబీలో ఏ కంప్రెషనూ లేకుండా 47 నిమిషాల సంగీతం పడుతుంది. 60 నిమిషాల క్యాసెట్టులో ఒకటిన్నర సైడన్నమాట. ఐదు నిమిషాల పాట వినిపించడానికి అంత చోటెందుకు?

ఆ యాప్ తీసేసి ఆడేషియస్ అనే చిన్న ప్లేయర్ వేశాను, పాటల ఫోల్డరు చూపించాను. నా కొలతలో 50 ఎంబీ దాటలేదు. విన్‌యాంప్ అనే పాత ప్లేయర్ స్కిన్, అంటే పైకి కనిపించే రూపం, ఒకటి తొడిగితే నాన్న చూడగానే "ఇది మన పాతదే కదరా" అన్నారు.

పాస్కల్ భాషను తయారుచేసిన నిక్లావుస్ విర్త్ 1995లోనే రాశాడు, హార్డ్‌వేర్ వేగం పుంజుకునే దానికన్నా సాఫ్ట్‌వేర్ నెమ్మదించడమే ఎక్కువైపోయిందని. ఊరికే రాయలేదు, ఒబెరాన్ అనే చిన్న వ్యవస్థను కట్టి చూపించి మరీ రాశాడు. ముప్పై ఏళ్లయింది. నా మాట ఇది: పాట వినిపించే ప్రోగ్రామ్ తేలిగ్గా ఉండి తీరాలి, అది మెషీన్ సొంతదారుకి నచ్చినట్టు ఉండాలి. బరువైన యాప్‌కి సాకు లేదు. కాదంటే ఎందుకో చెప్పండి.

నల్లతెర

నేను ఇంకో అడుగు ముందుకేస్తాను. అసలు ప్లేయర్‌కి కిటికీ ఎందుకు? నాది ఎంపీడీ, సొంత కిటికీ లేని ప్లేయర్. వెనకాల నడుస్తూ ఉంటుంది, 6600 పోర్టు దగ్గర ఆర్డర్ల కోసం ఎదురుచూస్తుంది. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్లోంచి పాట మార్చవచ్చు, ఫోన్లోంచీ మార్చవచ్చు. టెర్మినల్ మూసేసినా పాట ఆగదు. కిటికీలను సర్దిపెట్టే ఐ3 విండో మేనేజర్ మీద నా డెస్క్‌టాప్‌లో ఐకాన్లు లేవు, వాల్‌పేపర్ లేదు, మౌస్ ముట్టుకునే పనే లేదు. స్కిన్లు, గడియారాలు, వాతావరణం చూపే బొమ్మలు అన్నీ అలంకారాలే. తేలిక అంటే వాటిని కూడా వదిలెయ్యడం.

అక్షరం

నల్లతెర గారూ, మీ టెర్మినల్లో తెలుగు పాటల పేర్లు ఎలా కనబడుతున్నాయి?

నల్లతెర

నావన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే పెట్టుకున్నానండి.

అక్షరం

నేను అనుకున్నది అదే. తప్పు మీది కాదు. నేను ఫాంట్ల పని చేస్తాను కాబట్టి రోజూ చూస్తుంటాను, కొంచెం వివరంగా చెప్తాను.

టెర్మినల్ గళ్ల నోటుబుక్కు లాంటిది. ఒక్కో గడికి ఒక్కో అక్షరం అని 26 అక్షరాల భాష కోసం గీసిన గళ్లు. "కృష్ణ" తీసుకోండి. చదివేవాళ్లకి రెండక్షరాలు. కంప్యూటర్‌కి ఐదు సంకేతాలు: క, ఋత్వం, ష, పొల్లు, ణ. ఈ ఐదింటినీ చూసి, ణ ఒత్తుగా మారి ష కిందకి వెళ్లాలి అని ఎవరో ఒకరు తేల్చాలి. ఆ పని చేసేది షేపింగ్ ఇంజిన్. చాలా టెర్మినళ్లలో అది లేదు, ఉన్నా గళ్లతో పడదు. పొల్లు విడిగా, ణ పక్కన, గుణింతం ఇంకో గడిలో తేలుతుంది.

పాత తేలిక ఫార్మాట్ల సంగతీ ఇంతే. ఎంపీ3 ఫైలు చివర పాట వివరాలు రాసుకునే చోటు, ఐడీ3 మొదటి వెర్షన్ ట్యాగు, 128 బైట్లు, అందులో పాట పేరుకి 30. దాన్ని తయారుచేసిన రోజున తెలుగు ఎవరి ఊహలోనూ లేదు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు. "ఆనందభైరవి ఆలాపన" అని ఇరికించి చూడండి. "ఆనందభైరవి"కి 27 పోయాయి, ఖాళీకి ఒకటి, మిగిలినవి రెండు. ఆ రెండింటిలో "ఆ" పట్టదు. తెర మీద రాగం పేరు తర్వాత ఒక ప్రశ్నార్థకం పెట్టె వస్తుంది. ఆలాపన మొత్తం మాయం.

విన్‌యాంప్ పాత స్కిన్లలో అక్షరాలు టెక్స్ట్.బీఎంపీ అనే బొమ్మలోంచి వస్తాయి. ఒక్కో అక్షరానికి 5 చుక్కల వెడల్పు, 6 చుక్కల ఎత్తు. అందులో "ఝ" గీయండి చూద్దాం.

గోదారిగట్టు గారు తేలిక అంటున్నదాంట్లో ఎంత భాగం నిజంగా పొదుపు, ఎంత భాగం మన లిపిని లెక్కలోంచి తీసెయ్యడం? బరువైన యాప్‌లో తెలుగు పేరు సరిగ్గా కనబడుతుంది. ఎందుకంటే అందులో మొత్తం బ్రౌజరే ఉంది, దానికి షేపింగ్ వచ్చు.

ఓరుగల్లు

అక్షరం గారు చెప్పింది నిజమే గానీ, స్కిన్లు ఉత్త అలంకారమంటే నేను ఒప్పుకోను నల్లతెర అన్నా.

2002, 2003ల హన్మకొండల ఒక నెట్ సెంటర్‌ల కూసునేటోన్ని. విన్‌యాంప్‌ల పాటకు తగ్గట్టు గీతలు ఆడుతుంటె చూస్కుంట కూసునుడే పని. ఒకరోజు ఆడ పని చేసే అన్న చూపిచ్చిండు: స్కిన్ ఫైలు పేరు చివర డబ్ల్యూఎస్‌జెడ్ ఉంటది, అది అసలుకు జిప్ ఫైలే. ఇప్పితే లోపట మెయిన్.బీఎంపీ. 275 చుక్కల వెడల్పు, 116 ఎత్తు. గంతే ప్లేయర్ మొఖం. పెయింట్‌ల తెరిచి మా కాలేజి రంగులేసిన, మళ్ల జిప్ జేసి పేరు మార్చిన, ప్లేయర్ నేనేసిన రంగులతోని తెరుచుకున్నది. ప్రోగ్రామింగ్ అంటే ఏందో తెల్వని రోజుల్ల, కంప్యూటర్ల ఉన్నదాన్ని నేను మార్చచ్చు అని నాకు తెలిసింది ఆ రోజే. ఇయ్యాల నేను చేసే ఉద్యోగం ఆ పెయింట్ కాన్నుంచే మొదలైంది.

ఇంకో సంగతి. 2002ల విన్‌యాంప్ 3 వచ్చింది. ఏ ఆకారంలనన్న స్కిన్ చెయ్యచ్చన్నరు. కానీ మా సెంటర్ మెషీన్లల్ల తెరుచుకునుడే కష్టమాయె. అందరు మళ్ల 2కే పోయిన్రు. కంపెనీ కూడ 2, 3 కలిపి 2003 డిసెంబర్‌ల 5 అని తెచ్చింది. బరువైతే జనం వెనక్కి పోతరని ఇరవై ఏండ్ల కిందనే తేలింది.

మాదాపూర్ మేడ

అవతలి పక్క నుంచి ఒక మాట. నేను ఇలాంటి "బరువైన" యాపే ఒకటి రాస్తాను. సంగీతం యాప్ కాదు గానీ అదే ఎలక్ట్రాన్, అంటే వెబ్ పేజీలా రాసిన యాప్‌ని బ్రౌజర్‌తో కలిపి ఇచ్చే పద్ధతి.

మా జట్టులో నలుగురం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ వేర్వేరుగా రాయమంటే మొదట లినక్స్ మానేస్తాం. ఆ తర్వాత మ్యాక్. గిట్‌హబ్ వాళ్లు 2013లో ఆటమ్ ఎడిటర్ కోసం మొదలుపెట్టిన ఈ పద్ధతి వల్లే గోదారిగట్టు గారి నాన్నగారి లినక్స్‌లో అసలు ఆ యాప్ అన్నది దొరుకుతోంది. తేలికైన యాప్ కావాలంటే తప్పకుండా అడగండి. కానీ ఇప్పుడు అవతల ఉన్నది తేలికైన యాప్ కాదు, యాపే లేకపోవడం.

రెండోది, కొంచెం ఇబ్బందిగా ఉన్నా అడుగుతున్నా: ఆ ఫోల్డర్లో ఎంపీ3లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? కొన్నవైతే నాకు మాటే లేదు. స్ట్రీమింగ్‌లో తక్కువో ఎక్కువో పాడినవాళ్లకీ రాసినవాళ్లకీ ఎంతోకొంత వెళ్తుంది. ఆ లైసెన్సు తాళాలు, వెతుకులాట, సాహిత్యం చూపించడం ఇవన్నీ కూడా ఆ బరువులో ఉన్నాయి.

మూడోది, ర్యామ్ ఉన్నది వాడుకోవడానికే. ఖాళీగా పెట్టుకుంటే వచ్చేదేముంది?

గోదారిగట్టు

మేడ గారూ, సూటిగా మాట్లాడినందుకు థాంక్స్. ముందు రెండో దానికి: నాన్నవి సొంత క్యాసెట్లు, సీడీలు. ఎంపీ3లోకి మార్చింది నేనే, రెండు వేసవి సెలవులు పట్టింది. స్ట్రీమింగ్‌లో పాడినవాళ్లకి డబ్బు వెళ్తుందన్నది ఒప్పుకుంటాను. అది మానెయ్యమని నేననడం లేదు.

మూడోదే ఒప్పుకోలేను. 16 జీబీ ఉన్నవాళ్లకి ఖాళీ ర్యామ్ వృథా కావచ్చు. 4 జీబీ ఉన్నచోట అది నాన్న లెక్కల షీటుకి కావలసిన చోటు. మీ జట్టు మిగుల్చుకున్న పని గాల్లో కలిసిపోదండి, మా ఇంట్లో కొత్త ల్యాప్‌టాప్ ఖర్చుగా తేలుతుంది. ఒక్కరు రాసిన కోడ్ లక్షమంది మెషీన్లలో నడుస్తుంటే, పొదుపు ఎక్కడ చెయ్యాలి?

అక్షరం గారూ, మీరన్నదానికి జవాబు వెతుక్కోవడానికి నాకు రెండ్రోజులు పట్టింది. టెర్మినల్, 30 బైట్ల ట్యాగు విషయంలో మీదే నిజం. కానీ బరువుకి కారణం మన లిపి కాదు. ఆడేషియస్‌లో స్కిన్ సెట్టింగుల్లో బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అని ఒక గడి ఉంది. దానికి టిక్కు తీసేశాను. తెలుగు పేర్లు ఒత్తులతో, గుణింతాలతో చక్కగా వచ్చాయి. మెమరీలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎందుకంటే షేపింగ్ చేసే హార్ఫ్‌బజ్ లైబ్రరీ కొద్ది ఎంబీల లోపు వస్తువు. పైగా సిస్టమ్‌లో ఒక్కచోటే ఉంటుంది, లెక్కల షీటూ ప్లేయరూ ఫైల్ మేనేజరూ అన్నీ దాన్నే వాడుకుంటాయి. ఎలక్ట్రాన్ యాపుల్లో ఒక్కోటీ తన క్రోమియం బ్రౌజర్ తనే మోసుకొస్తుంది. పెళ్లికి వచ్చిన ప్రతివాళ్లూ ఎవరి పొయ్యి, ఎవరి గ్యాసు బండ వాళ్లు తెచ్చుకున్నట్టు. నేను వద్దంటున్నది ఆ పొయ్యిల్ని, భోజనాన్ని కాదు.

శ్రుతిపెట్టె

డాలస్ నుంచి. వయొలిన్ నేర్పుతాను. మీ అందరి చర్చలో ఒకటి వదిలేశారు, అందుకే రాస్తున్నాను.

మా గురువుగారి కచేరీలు క్యాసెట్ల నుంచి ఎక్కించి పెట్టుకున్నాను, నూట ఇరవైకి పైనే. ఒక్కో కచేరీని ముక్కలు చేశాను: ఆలాపన, కీర్తన, తనియావర్తనం. నా పాత యాప్‌లో ముక్కకీ ముక్కకీ మధ్య చిన్న నిశ్శబ్దం పడేది. ఎంపీ3 చేసే పద్ధతిలోనే ఫైలు మొదట్లో, చివర్లో కాస్త ఖాళీ చేరుతుందట, ప్లేయర్ తెలుసుకుని దాన్ని కత్తిరించాలి. మృదంగం ముక్తాయింపు కొట్టి పల్లవి అందుకునే క్షణంలో ఆ నిశ్శబ్దం పడితే, తాళం వేస్తున్న చెయ్యి ఆగిపోతుంది. పిల్లలకి వినిపించి లెక్క చెప్పడం కుదరదు.

ఫూబార్2000 అనే ప్లేయర్‌కి మారాను. 2002లో పీటర్ పావ్లోవ్‌స్కీ మొదలుపెట్టింది, అంతకుముందు విన్‌యాంప్ చేసిన నల్‌సాఫ్ట్‌కి పనిచేసిన మనిషే. చూడ్డానికి బోసిగా ఉంటుంది. కానీ దానిలో గడులు నావి. "ఆర్టిస్ట్", "ఆల్బమ్" అనే రెండు గడుల్లో మన సంగీతం పట్టదు. పాడినవారు ఒకరు, రాసినవారు ఒకరు, మరి రాగం ఎక్కడ రాయను? ఫైళ్లని ఫ్లాక్ అనే ఆడియో ఫార్మాట్‌లో పెట్టుకుంటే ట్యాగుకి ఎన్ని గడులైనా మనమే కల్పించుకోవచ్చు, లోపలి రాత ఎప్పుడూ యూటీఎఫ్-8లోనే. నాకు రాగం, తాళం, వాగ్గేయకారుడు, పక్కవాద్యం, కచేరీ జరిగిన ఊరు, ఇన్ని నిలువు వరసలు ఉన్నాయి. "కల్యాణి, ఆది" అని వెతికితే పదకొండు వస్తాయి. ఏ స్ట్రీమింగ్ యాప్‌లోనూ నాకిది దొరకలేదు, అన్ని వందల ఎంబీలు తింటున్నా.

డెస్క్‌టాప్ సొంతం చేసుకోవడమంటే రంగులు మాత్రమే కాదమ్మా ఓరుగల్లు. దేన్ని ఏ పేరుతో పిలవాలో మనమే నిర్ణయించుకోవడం కూడా.

ఓరుగల్లు

అవునే అక్కా. రాగం వరస ఎట్ల పెట్టిన్రో ఫొటో పెట్టున్రి, మా బాపు ఒగ్గుకథల రికార్డింగులు నా దగ్గర ముప్పై దాక ఉన్నయి. కథ పేరు, చెప్పిన బృందం, ఊరు రాసుకుంట.

మాదాపూర్ మేడ

శ్రుతిపెట్టె గారి మాట మా జట్టులో చెప్తాను. గడులు పెంచుకునే వీలు ఇవ్వడానికి ఎలక్ట్రాన్ అడ్డం కాదు, మేమెప్పుడూ ఆలోచించలేదు, అంతే. బరువు విషయంలో మాత్రం నేను పూర్తిగా మారలేదు. నలుగురు మనుషులున్న చోట మూడు యాపులు రాయమనడం ఇప్పటికీ న్యాయం అనిపించట్లేదు. సిస్టమ్‌లో ముందే ఉన్న వెబ్ ఇంజిన్‌ని వాడుకునే పద్ధతులు ఉన్నాయి, గోదారిగట్టు గారి భాషలో ఉమ్మడి పొయ్యి. వచ్చే నెల ఒక చిన్న పనితో ప్రయత్నిస్తాం. మూడు సిస్టమ్‌ల్లో మూడు రకాల ఇంజిన్లు కాబట్టి మూడు రకాల బగ్గులు వస్తాయని మాత్రం ఇప్పుడే చెప్తున్నా.

నల్లతెర

నిన్న రాత్రి కూర్చుని నలభై పాటల పేర్లు తెలుగులోకి మార్చాను. "స్వరరాగ" అని రాస్తే స, పొల్లు, వ విడివిడిగా మూడు గళ్లలో పడ్డాయి. ఇన్నేళ్లూ నా సెటప్పులో లోటేమీ లేదనుకున్నాను, లోటు కనబడకుండా పేర్లే మార్చుకున్నానని ఇప్పుడు అర్థమైంది. ఎంపీడీ వదలను, పాట వినిపించడంలో దానికి సాటి లేదు. పైన పేర్లు చూపించడానికి మాత్రం చిన్న కిటికీ ఉన్న క్లయింట్ ఒకటి వేశాను, అందులో ఒత్తులు సరిగ్గా పడుతున్నాయి.

అక్షరం

ఆ గళ్లు విరిగిన తెర ఒక స్క్రీన్‌షాట్ తీసి, టెర్మినల్ పేరు, వెర్షన్, ఫాంట్ పేరు రాసి ఇక్కడ పెట్టండి. "కృష్ణ", "స్వర", "రాజ్యలక్ష్మి" మూడూ కనబడేలా తియ్యండి. బగ్ రిపోర్టు నేను రాస్తాను.