అధికారిక గణాంకాల పాఠ్యభాగం గుర్తుండడం లేదు, ఎలా చదవాలి? (పర్లాకిమిడి నుంచి)

మహేంద్రతనయ గట్టు:

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లాలో పర్లాకిమిడిని ఆనుకొని ఉన్న పల్లె. పదో తరగతి వరకు సరిహద్దు దాటి పాతపట్నంలో తెలుగు మాధ్యమంలో చదువుకొని, తరువాత బరంపురంలో గణాంక శాస్త్రం ఒక సబ్జెక్టుగా డిగ్రీ పూర్తి చేసినదాన్ని. యూపీఎస్సీ జరిపే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్షకు ఏడాదిగా చదువుతున్నాను. సంభావ్యత, అనుమితి (ఇన్ఫరెన్స్), ప్రతిచయన (శాంప్లింగ్) పద్ధతులు కష్టమైనవే అయినా, కాగితం మీద లెక్క చేసుకుంటే దారికి వస్తున్నాయి. రెండో స్టాటిస్టిక్స్ పేపరులోని అధికారిక గణాంకాల భాగం మాత్రం ఎన్నిసార్లు చదివినా వారం తిరిగేసరికి చెరిగిపోతోంది. సంస్థల పేర్లు, సర్వేల పేర్లు, ఆధార సంవత్సరాలు (పోలికకు మూలంగా పెట్టుకునే సంవత్సరాలు) అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఈ మధ్య రాసిన ఒక నమూనా పరీక్షలో 2023-24 నిరుద్యోగిత రేటు అడిగితే 3.2 శాతం అని గుర్తించాను. అది తప్పు, 4.9 శాతం సరైనది అని జవాబు పత్రంలో ఉంది. నివేదిక తెరిచి చూస్తే రెండు అంకెలూ కనిపించాయి, రెండూ ఒకే సర్వేవి. ఇలాంటప్పుడు ఏది గుర్తుపెట్టుకోవాలి?

రెండో సందేహం. యూపీఎస్సీ ఖాళీలు ఏటా కొన్ని పదులకు మించడం లేదు కాబట్టి, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టులకూ, ఒడిశా రాష్ట్ర పోస్టులకూ కూడా దరఖాస్తు పెట్టమని ఇంట్లో అంటున్నారు. మూడింటికీ కలిపి చదవడం సాధ్యమేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

గుణుపురం మాష్టారు:

అమ్మా, ముందు నీ నమూనా పరీక్ష సంగతి చూద్దాం, ఎందుకంటే నీ ఇబ్బంది మొత్తం అందులోనే ఉంది. నువ్వు గుర్తించిన 3.2 తప్పు అంకె కాదు. ప్రశ్నలో "ప్రస్తుత వారపు స్థితి ప్రకారం" అన్న మాట ఉండి ఉంటుంది, దాన్ని నువ్వు దాటేసి ఉంటావు. ఒకవేళ ఆ మాట లేకపోతే ప్రశ్నే లోపభూయిష్టం.

ఆ రెండు అంకెలూ వచ్చిన పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వేలో (ఉద్యోగ, నిరుద్యోగాల సర్వే) ఒకే మనిషిని రెండు కొలబద్దలతో కొలుస్తారు. సాధారణ స్థితి అనేది సర్వే తేదీకి ముందు 365 రోజులకు సంబంధించినది. అందులో ఎక్కువ కాలం ఏం చేశారన్నది ముఖ్య స్థితి అయితే, ఏడాదిలో 30 రోజులకు తగ్గకుండా వేరే పని చేసి ఉంటే అది అనుబంధ స్థితి. వారపు స్థితిలో చూసేది ముందటి 7 రోజులు మాత్రమే. ఆ ఏడు రోజుల్లో ఏ ఒక్క రోజైనా కనీసం ఒక గంట పని చేస్తే ఉద్యోగి కింద లెక్క. ఒక్క గంట కూడా పని చేయకుండా, ఏదో ఒక రోజు కనీసం ఒక గంటకైనా పని వెతికితే, లేదా పనికి సిద్ధంగా ఉంటే నిరుద్యోగి.

మీ పక్క ఊరి ఇల్లాలినే తీసుకో. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇంటి పనిలోనే ఉంటుంది. సీజనులో రెండు నెలలు పలాస వైపు జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్లి వస్తుంది. సర్వే చేసేవారు పని లేని వానాకాలంలో ఆమె గడపకు వచ్చి, పని దొరికితే చేస్తారా అని అడిగితే, చేస్తానంటుంది. సాధారణ స్థితిలో ఆమె అనుబంధ హోదాలో ఉద్యోగి. వారపు స్థితిలో ఆమె నిరుద్యోగి. మనిషి ఒక్కరే, సమాధానం ఒక్కటే, ఇంటికి వచ్చిన రోజూ ఒక్కటే. 3.2కూ 4.9కూ మధ్య తేడా ఇలాంటి మనుషుల వల్ల వచ్చినదే. ఆ ఇల్లాలు గుర్తుంటే, వారపు రేటు సాధారణ రేటు కంటే ఎందుకు ఎక్కువ వస్తుందో పరీక్ష హాలులో మళ్లీ ఆలోచించుకోనక్కరలేదు. 2025 జనవరి నుంచి సర్వే రూపం మార్చి నెలవారీ అంచనాలు కూడా ఇస్తున్నారు, అవి వారపు స్థితి అంచనాలు. వాటిని పాత వార్షిక నివేదికలోని సాధారణ స్థితి రేటు పక్కన పెట్టి "నిరుద్యోగం పెరిగింది" అని రాసే పత్రికలు ఉన్నాయి కానీ నువ్వు ఆ పొరపాటు చేయకూడదు.

కాబట్టి ప్రతి అంకెనూ నాలుగు ప్రశ్నలతో పట్టుకోమంటాను. ఎవరు సేకరించారు, ఎవరి దగ్గర సేకరించారు, ఏ కాలానికి సంబంధించి అడిగారు, ఎవరిని లెక్కలోకి తీసుకోలేదు. చివరి ప్రశ్నను దాదాపు ఎవరూ వేసుకోరు, పరీక్ష తయారు చేసేవారికి ఎక్కువ ఇష్టమైనది మాత్రం అదే.

ధరల సూచీలకు ఇదే పద్ధతి వర్తిస్తుంది. 2012 ఆధారంగా ఉన్న పాత వినియోగదారుల ధరల సూచీలో ఆహార, పానీయాల వాటా గ్రామాల్లో 54.18 శాతం, పట్టణాల్లో 36.29 శాతం, రెండూ కలిపితే 45.86 శాతం. ఈ మూడు అంకెలు వేరువేరుగా బట్టీ పెట్టే పని లేదు. ఆదాయం తక్కువైన ఇంట్లో తిండి ఖర్చు వాటా ఎక్కువగా ఉంటుందన్నది తెలిస్తే వాటి వరుస దానంతట అదే వస్తుంది. ఆ శ్రేణిలో ఇంటి అద్దె పట్టణ సూచీలో ఉంది, గ్రామీణ సూచీలో లేదు. వినియోగదారుల ధరల సూచీని జాతీయ గణాంక కార్యాలయం విడుదల చేస్తుంది. పారిశ్రామిక కార్మికుల సూచీ వేరు, దాన్ని లేబర్ బ్యూరో 2016 ఆధారంగా తయారు చేస్తుంది, కేంద్ర ఉద్యోగుల కరువు భత్యం దానికే ముడిపడి ఉంది. 2011-12 ఆధారంగా వచ్చిన టోకు ధరల సూచీ వాణిజ్య, పరిశ్రమల మంత్రిత్వ శాఖలోని ఆర్థిక సలహాదారు కార్యాలయానిది. అందులో సేవలు ఉండవు, తయారీ వస్తువులకే 64.23 శాతం వాటా. కూరగాయల ధర మండిపోతున్నా టోకు సూచీ చల్లగా ఉన్న నెలలు ఎందుకు వస్తాయో ఈ వాటాలే చెబుతాయి.

సంస్థల చరిత్ర మీద ఎక్కువ సమయం పెట్టకు. జాతీయ నమూనా సర్వే 1950లో మొదలైందనీ, 1999లో రెండు శాఖలు కలిసి ఇప్పటి గణాంకాలు, కార్యక్రమాల అమలు మంత్రిత్వ శాఖ ఏర్పడిందనీ, 2019లో కేంద్ర గణాంక కార్యాలయాన్నీ నమూనా సర్వే కార్యాలయాన్నీ కలిపారనీ తెలిస్తే చాలావరకు సరిపోతుంది. జనగణన, నమూనా నమోదు వ్యవస్థ (జనన, మరణ రేట్లు అంచనా వేసేది) ఈ మంత్రిత్వ శాఖవి కావు, హోం శాఖ కింద రిజిస్ట్రార్ జనరల్‌వి. ఇక్కడ ఏటా కొందరు మార్కులు పోగొట్టుకుంటారు.

చిత్రకొండ దారి:

మాష్టారుగారి మాటలకు క్షేత్రంలో పనిచేసిన అనుభవంతో కొంత చేర్చాలనిపించింది. కొన్నాళ్లు ఒప్పంద పద్ధతిలో సర్వే పనికి తిరిగాను.

చెల్లెమ్మా, "ఎవరిని లెక్కలోకి తీసుకోలేదు" అన్న ప్రశ్న మన జిల్లాల్లో మరీ ముఖ్యం. నమూనా సర్వేలో కుటుంబమంటే సాధారణంగా కలిసి ఉంటూ ఒకే వంటలో తినేవారు. ఆరు నెలల లోపు తిరిగి వస్తారనుకున్న వాళ్లు ఊళ్లో లేకపోయినా ఆ ఇంటి మనుషులే, చుట్టపుచూపుగా వచ్చినవారు కారు. ఇటుక బట్టీలకు ఇల్లంతా కదిలి వెళ్లిపోతే తలుపుకు తాళం కనిపిస్తుంది, అప్పుడు అక్కడ మాట్లాడేందుకే ఎవరూ ఉండరు. నిర్వచనం పుస్తకంలో రెండు వరుసలే, గుమ్మం ముందు నిలబడితే అది అరగంట చర్చ అవుతుంది.

వ్యవసాయ గణాంకాల విషయంలో మన సరిహద్దు ఒక మంచి పాఠ్యపుస్తకం. భూ రికార్డులు గ్రామ స్థాయిలో నడిచే ఆంధ్ర వంటి రాష్ట్రాల్లో పంట విస్తీర్ణం గ్రామ లెక్కల నుంచి, అంటే అడంగల్ (ఏ పొలంలో ఏ పంట ఉందో రాసే గ్రామ రిజిస్టరు) వంటి వాటి నుంచి వస్తుంది. ఒడిశా, పశ్చిమ బెంగాల్, కేరళలను మాత్రం శాశ్వత శిస్తు (గ్రామ స్థాయిలో అలాంటి భూ లెక్కలు నడవని) రాష్ట్రాలుగా లెక్కించి, ఏటా 20 శాతం గ్రామాలను ఎంచుకొని పొలం పొలం తిరిగి నమోదు చేసే వేరే ఏర్పాటు పెట్టారు. దాన్ని ఎరాస్ అంటారు. ఒకప్పటి పర్లాకిమిడి జమీందారీలో కొంత భాగమే 1936లో ఒడిశాకు వెళ్లింది, మిగతాది మద్రాసు వైపు ఉండిపోయింది. ఆ గీత వల్ల నేడు ఏటికి ఇవతలి వరి ఒక పద్ధతిలో, అవతలి వరి మరో పద్ధతిలో లెక్కకు ఎక్కుతోంది.

దిగుబడికి పంట కోత ప్రయోగం రెండు వైపులా ఉంది. వరికి సాధారణంగా 5 మీటర్ల చదరం కొలుస్తారు. ఎక్కడ గుర్తు పెట్టాలో యాదృచ్ఛిక సంఖ్యలు చెబుతాయి. బాగా పండిన మూల చూపించి "ఇక్కడ కోయండి బాబూ" అని రైతు పిలిచినా అక్కడికి వెళ్లకూడదు. 25 చదరపు మీటర్లలో 10 కిలోల ధాన్యం వచ్చిందనుకుంటే, 400తో గుణిస్తే హెక్టారుకు 4,000 కిలోలు. తడి ధాన్యం కాబట్టి ఆరబెట్టాక ఎంత తగ్గిందో వేరుగా చూస్తారు. ఈ పద్ధతికి పునాది వేసినవారిలో జె.ఎ. హబ్బాక్ అనే ఐసీఎస్ అధికారి ఒకరు. 1920లలో బిహార్-ఒరిస్సా వరి పొలాల్లో త్రికోణ చట్రం వేసి కోయించారు. ఆయనే 1936లో ఒరిస్సా తొలి గవర్నరు. చిన్న చట్రం వేస్తే అంచున ఉన్న దుబ్బులు లోపలికి చేరి దిగుబడి ఎక్కువగా కనిపిస్తుందా అన్నదానిపై తరువాతి కాలంలో గణాంక శాస్త్రవేత్తలు మహలనోబిస్, సుఖాత్మేల మధ్య పెద్ద వాదమే జరిగింది. మూడో పేపరులో ప్రతిచయనం చదివేటప్పుడు ఆ వాదాన్ని దగ్గర పెట్టుకో, ప్రతిచయన దోషానికీ (నమూనా మాత్రమే చూడడం వల్ల వచ్చేది) ప్రతిచయనేతర దోషానికీ (కొలతలో, నమోదులో వచ్చేది) తేడా అందులో చక్కగా కనిపిస్తుంది.

కాశీనగరం అక్క:

పైన ఇద్దరూ విషయం బాగా చెప్పారు కానీ, చెల్లీ, నీ రెండో సందేహం అలాగే ఉండిపోయింది.

ఒడిశా రాష్ట్ర పోస్టుల సంగతి ముందు తేల్చుకో. ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలనీ, మిడిల్ స్కూలు స్థాయిలోనైనా ఒడియా ఒక భాషగా ఉత్తీర్ణులై ఉండాలనీ నిబంధన. పాతపట్నంలో తెలుగు మాధ్యమంలో చదివావు కాబట్టి ఆ ధ్రువపత్రం నీ దగ్గర లేకపోతే, ఆ స్థాయి ఒడియా పరీక్ష ముందే రాసి పెట్టుకోవాలి. నేను ఇది ఆలస్యంగా తెలుసుకొని ఒక నోటిఫికేషన్ పోగొట్టుకున్నాను. బజారులో ఒడియా ధారాళంగా మాట్లాడేదాన్నే, అయినా కాగితం లేదు. అవతల ఆంధ్ర పోస్టులకు వెళ్దామంటే అక్కడి స్థానికత మనం చదివిన సంవత్సరాలను బట్టి తేలుతుంది. పదో తరగతి అక్కడే చదివావు కనుక నీకు వర్తిస్తుందేమో నోటిఫికేషన్‌లోని నిబంధనతో సరిచూసుకో.

జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టుకు డిగ్రీలో గణాంక శాస్త్రం ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు. లేదా ఏదైనా డిగ్రీతో పాటు ఇంటర్ స్థాయి గణితంలో 60 శాతం మార్కులు ఉండాలి. రెండో అంచెలో స్టాటిస్టిక్స్ పేపరు 100 ప్రశ్నలు, 200 మార్కులు. నువ్వు చదివినదానితో అది పెద్ద భారం కాదు, వేగం మాత్రం వేరుగా సాధన చేయాలి.

మాష్టారుగారితో ఒక్కచోట విభేదిస్తున్నాను. యూపీఎస్సీ పరీక్షలో మొదటి రెండు స్టాటిస్టిక్స్ పేపర్లు 80 ప్రశ్నల చొప్పున, 200 మార్కులకు ఉంటాయి. తప్పు జవాబుకు ఆ ప్రశ్నకున్న మార్కుల్లో మూడో వంతు పోతుంది. మూడు, నాలుగు పేపర్లు వివరణాత్మకంగా, ఇంగ్లీషులోనే రాయాలి. చాలామంది ఆగిపోయేది ఆ రెండింటి దగ్గరే. అధికారిక గణాంకాలకు రోజూ అరగంట చాలు, మిగతా సమయం చేతితో నిరూపణలు రాయడానికి పెట్టుకో. నాలుగో పేపరులో ఏడు విభాగాల నుంచి రెండే ఎంచుకోవాలి కాబట్టి అవి ఏవో ఈ నెలలోనే నిర్ణయించుకో. ఊగిసలాడుతూ నాలుగు విభాగాలు సగం సగం చదివిన నాలాంటివాళ్లు ఒడ్డున పడలేదు.

మహేంద్రతనయ గట్టు:

ముగ్గురికీ ధన్యవాదాలు. ఆ నమూనా ప్రశ్న మళ్లీ చూశాను. మాష్టారుగారు చెప్పినట్టే "వారపు స్థితి" అన్న మాట అందులో ఉంది. నేనే చూసుకోలేదు. ఒడియా ధ్రువపత్రం విషయం నాకు అసలు తెలియదు, అక్కా, రేపే కనుక్కుంటాను. ఒక చిన్న సందేహం మిగిలింది. ఆధార సంవత్సరాలు మారుతుంటే పాత వాటాలు నేర్చుకొని ఏం ప్రయోజనం?

గుణుపురం మాష్టారు:

జాతీయ ఆదాయానికి 2022-23, వినియోగదారుల ధరలకు 2024 కొత్త ఆధారాలని మంత్రిత్వ శాఖ ప్రకటించింది. కొత్త వాటాలకు మూలం 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే. అందులో తలసరి నెలసరి వ్యయం గ్రామాల్లో 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996 రూపాయలు. పాత వాటాలు 2011-12 సర్వేవి. ఆధారం ఎందుకు మార్చారు, మారితే ఏ వాటా ఎటు జరిగింది అని అడిగే ప్రశ్నకు పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉంటేనే జవాబు రాయగలవు. పాతది పారేయకు, ఒకే పేజీలో రెండు వరుసలుగా రాసుకో.

అక్క చెప్పిన అరగంట లెక్కకు నాకు అభ్యంతరం లేదు. ఆ అరగంటలో ఒక పని చెయ్యి. ఈ వారం పర్లాకిమిడిలో రెండు దుకాణాలు, పాతపట్నంలో రెండు దుకాణాలు చూసి బియ్యం, కందిపప్పు, వంటనూనె ధరలు రాసుకో. వచ్చే నెల అదే వారం, అదే దుకాణాల్లో, అదే రకం సరుకుకు మళ్లీ రాసుకో. ఒక్కో సరుకుకు నాలుగు ధరల నిష్పత్తుల గుణోత్తర సగటు (నాలుగింటినీ గుణించి నాలుగో మూలం) తీసి, మీ ఇంటి ఖర్చును వాటాగా వేసి లాస్పియర్ సూత్రంతో (వాటాలను మొదటి నెలవే ఉంచే సూత్రం) సూచీ కట్టు. రెండో నెలలో ఒక దుకాణంలో ఆ రకం బియ్యం దొరకకపోతే ఏం చేశావో కూడా రాసి, ఆ కాగితం ఇక్కడ పెట్టు. నేను చూస్తాను.