చివరి దశలో ఉన్నవాళ్లని హాస్పిటల్‌కి పంపే విషయంలో నర్సు ఎంతవరకు చెప్పొచ్చు?

నైట్‌డ్యూటీ:
ఓల్డేజ్ హోమ్‌లో స్టాఫ్ నర్సుని, రాత్రిళ్లు డాక్టర్ ఉండరు, ఫోన్లోనే. డిమెన్షియా బాగా ముదిరిన పెద్దావిడ తినడం మానేశారు, ఇప్పుడు జ్వరం, ఆయాసం. ఫైల్లో డీఎన్‌ఆర్ ఉంది, హాస్పిటల్‌కి పంపొద్దని మాత్రం ఎక్కడా లేదు. డాక్టర్ "పంపించెయ్యండి" అంటారు, కొడుకేమో "మీరే చెప్పండి సిస్టర్" అంటారు. పేరుకి నిర్ణయం నాది కాదు, కానీ ఫోన్లో నేనెలా చెప్తే అలానే జరుగుతోంది.

పాతసిస్టర్:
డీఎన్‌ఆర్ అంటే గుండె ఆగితే సీపీఆర్ చెయ్యొద్దని, అంతే. యాంటీబయాటిక్ ఇవ్వాలా, పంపాలా అనేది దాంట్లో ఉండదు, చాలామంది డాక్టర్లు కూడా కలిపేస్తారు. ఇక ఫోన్ సంగతి, "సాచురేషన్ 84 సార్" అని రక్తంలో ఆక్సిజన్ అంకె ఒక్కటే చెప్పి ఊరుకుంటే ఎవరైనా పంపమనే అంటారు కదమ్మా. కొన్ని వారాలుగా ఎలా తగ్గిపోతున్నారో, ఇంట్లోవాళ్లేం కోరుకుంటున్నారో, ఇక్కడ ఏం చెయ్యగలమో చెప్పి అప్పుడు నీ అభిప్రాయం చెప్పు. డాక్టర్‌కి పేషెంట్ సంగతి వరసగా చెప్పే పద్ధతి ఉంది కదా, ఎస్‌బార్ (SBAR), దాంట్లో చివరి ఆర్ రికమెండేషనే, అంటే మన సలహా, మనం మింగేసేది కూడా సరిగ్గా అదే.

రెండోమాట:
కొంచెం ఆగండి. మూత్రం బిగిసినా, డీహైడ్రేషనైనా, మందులు ఎక్కువైనా మనిషి పోతున్నట్టే కనిపిస్తారు, ముందు అవి చూడాలి. తుంటి విరిగినా, రక్తం ఆగకపోయినా, నొప్పి ఇక్కడ తగ్గకపోయినా చివరి రోజులే అయినా సరే పంపాల్సిందే. ఎవరితో ఎన్నింటికి ఏం మాట్లాడారో రాసిపెట్టండి, రేపు మాట మీ మీదకే వస్తుంది.

పాలియేటివ్ నర్స్:
అసలు ఇది అర్ధరాత్రి తేలే విషయం కాదు, తినడం తగ్గినప్పుడే పగలు డాక్టర్, కొడుకు, మీరు కూర్చోవాల్సింది. "పంపమంటారా" అని అడిగితే ఆయనకి "బతికించమంటారా" అని వినపడుతుంది, వద్దని ఏ కొడుకంటాడు? అమ్మగారు బాగున్నప్పుడు ఇలాంటి వాటి గురించి ఏమనేవారని అడగండి. ఊపిరి మధ్యమధ్యలో ఆగడం, గొంతులో గురగుర వస్తాయని కూడా ముందే చెప్పండి, లేకపోతే అది చూసి ఆయనే అంబులెన్స్ పిలుస్తారు.

నైట్‌డ్యూటీ:
మా దగ్గర మార్ఫిన్ ఉండదండి. అది లేకుండా ఇక్కడే ఉంచుదామని ఏ మొహంతో చెప్పను?

పాలియేటివ్ నర్స్:
చెప్పకండి. ఆయాసం తగ్గించే మందు లేదు కాబట్టి పంపుతున్నాం అని డాక్టర్‌తో అని, అదే రాయండి. డీఎన్‌ఆర్ కాపీ, కొడుకు నంబర్, "బాధ తగ్గించడానికే" అన్న మాట కాగితాల్లో అన్నిటికంటే పైన ఉండాలి, క్యాజువాల్టీలో ఊపిరికి గొంతులో ట్యూబ్ వేసేలోపు కనపడాలిగా.