“వంత” అంటే తిట్టా? ఫ్లాండర్స్, స్వాన్ జంట మీద ఒక పేచీ

సభ్యులకు నమస్కారం. ఈ ఆదివారం చిక్కడపల్లిలో ఒక మిత్రుడి ఇంట్లో పాత రికార్డులు వినడానికి కొంతమందిమి కలుస్తున్నాం. ఈసారి వినబోయేది మైకేల్ ఫ్లాండర్స్, డోనాల్డ్ స్వాన్ పాటలు. 1950లు, 60ల్లో లండన్‌ను నవ్వించిన ఇంగ్లిష్ జంట వీళ్ళు. ఫ్లాండర్స్ మాటలు రాస్తాడు, పాటకీ పాటకీ మధ్య కబుర్లు చెబుతాడు. స్వాన్ బాణీ కడతాడు, పియానో వాయిస్తాడు, తనూ పాడతాడు. పరిచయంగా అరపేజీ రాస్తూ “ఫ్లాండర్స్ కథకుడు, స్వాన్ వంత” అన్నాను. అది చదివి మన గ్రూపులోనే ఉన్న ఒక మేడమ్ కస్సుమన్నారు. అంత సంగీతం తెలిసిన మనిషిని వంత పాడేవాడు అంటారా, మంత్రిగారి వెనక తిరిగేవాళ్ళని కదా అలా అంటాం, అని.

నేను మాట మార్చలేదు. ఎందుకో చెబుతాను, మీ అభిప్రాయం చెప్పండి.

బుర్రకథ చూసినవాళ్ళకి తెలుసు. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. “తందాన తాన” అని అందుకోవడం వాళ్ళ పనిలో సగమే. మిగతా సగం కథకి అడ్డం పడటం. కథకుడు కోట గోడల ఎత్తు గురించి ఆవేశంగా చెబుతుంటే హాస్యం వంత “అంత గోడకి కాంట్రాక్టు ఎవరిదండీ?” అని అడగొచ్చు. రాజకీయం వంత ఆ మాట పట్టుకుని కథను నిన్నటి పేపర్లోకి లాక్కురావచ్చు. షేక్ నాజర్ లాంటి మహానుభావుడు పల్నాటి యుద్ధం చెబుతున్నా సరే, వంత నోరు మూసుకుని కూర్చోడు. కూర్చుంటే అది బుర్రకథ కాదు. మద్రాసులో బ్రిటిష్‌వాళ్ళు, ఇక్కడ హైదరాబాదులో నిజాం ప్రభుత్వం బుర్రకథను నిషేధించారంటే, ఎప్పుడో జరిగిన యుద్ధాలకు భయపడి కాదనే నా నమ్మకం. భయమంతా ఆ పక్కనున్నవాడి నోటికే.

ఇప్పుడు స్వాన్ సంగతి. ఇద్దరూ వెస్ట్‌మిన్‌స్టర్ స్కూల్లో చదువుకున్నారు. 1940లో బడిలోనే కలిసి ఒక ప్రదర్శన కట్టారు. తర్వాత యుద్ధం వచ్చి ఎవరి దారి వాళ్ళదైంది. ఫ్లాండర్స్ నౌకాదళంలో చేరాడు. 1943లో పోలియో సోకి, ఇక జీవితమంతా చక్రాల కుర్చీలోనే గడిపాడు. స్వాన్ ఆయుధం పట్టనన్నాడు. యుద్ధం కూడదనే క్రైస్తవ శాఖ క్వేకర్లది, వాళ్ళ అంబులెన్స్ దళంలో చేరి ఈజిప్టు, పాలస్తీనా, గ్రీసు తిరిగాడు. యుద్ధం అయ్యాక చాలాకాలం వేరేవాళ్ళు పాడటానికి పాటలు రాసిచ్చారు. చివరికి 1956 డిసెంబరు 31న నాటింగ్ హిల్‌లో ఒక చిన్న థియేటర్లో తామే పాడారు. నెల తిరక్కుండానే ఫార్చూన్ థియేటర్‌కి మారారు. అక్కడ రెండేళ్ళకు పైగా ఆడింది. రంగాలంకరణ అంటూ ఏమీ లేదు. ఒక చక్రాల కుర్చీ, ఒక పియానో, కూర్చున్న ఇద్దరు మనుషులు. బుర్రకథ వేదిక మీద కథకుడు ఒకచోట నిలవడు కదా, ఇక్కడ ప్రదర్శన అయ్యేదాకా ఎవరూ లేవరు.

వీళ్ళ పాటల్లో నాకు బాగా నచ్చింది నరమాంసం తినే తండ్రీకొడుకుల పాట. తండ్రి ఫ్లాండర్స్, కొడుకు స్వాన్. మనుషుల్ని తినడం తప్పు, నేను తినను అని కొడుకు మొండికేస్తాడు. తాతముత్తాతల నుంచీ తింటున్నాం, నీకేం పుట్టింది అని తండ్రి గోల. ఎన్ని రకాలుగా నచ్చజెప్పినా కొడుకు వినడు. ఆఖరికి తండ్రి, ఇలాగే వదిలేస్తే రేపు మనుషులతో యుద్ధాలు కూడా చేయొద్దంటావేమో అంటాడు. అంత విడ్డూరం ఎక్కడైనా ఉంటుందా అని ఇద్దరూ పడీపడీ నవ్వుతారు. యుద్ధంలో నౌకాదళానికి వెళ్ళినవాడు తండ్రి వేషంలో ఉన్నాడు, తుపాకి పట్టనన్నవాడు కొడుకు వేషంలో ఉన్నాడు. ఇది తెలిసి వింటే నవ్వు గొంతులో కాస్త అడ్డం పడుతుంది.

హాస్యం, రాజకీయం రెండూ ఒక్కడి నోట్లో పెట్టిన వంత కాదూ ఈ స్వాన్? అవునవును అనేవాళ్ళని ఏమనాలి అంటారా, దానికి మన భాషలో కరువే లేదు. డూడూ బసవన్న ఉన్నాడు, గంగిరెద్దు తల ఉంది, భజన ఉంది, బాకా ఉంది. ఇన్ని ఉండగా పాపం వంతనెందుకు బలిపెట్టడం?

జవాబు, కస్సుమన్న మేడమ్:

సార్, మీ బుర్రకథ పాఠం బాగుంది. కానీ “తాన అంటే తందాన” అనే సామెత కూడా ఆ వేదిక మీంచి వచ్చిందేగా? జనం చూసిందీ అదే, గుర్తు పెట్టుకున్నదీ అదే. పేపర్లో “వంత పాడిన ఎమ్మెల్యేలు” అని వస్తే ఎవరికైనా గుమ్మెట గుర్తొస్తుందా? మాట ఎక్కడ పుట్టిందని కాదు, ఇవాళ ఏ ఇంట్లో కాపురం ఉందో చూడాలి. ఆదివారం వచ్చేవాళ్ళలో సగం మంది కుర్రాళ్ళు. వాళ్ళు బుర్రకథ సినిమాల్లో తప్ప చూసి ఉండరు.

జవాబు, పద్మారావునగర్ నుంచి ఒక రిటైర్డ్ లెక్చరర్:

ఇంకో చిక్కుంది. భాగవతం చదివే అలవాటున్నవాళ్ళకి వంత అంటే దుఃఖం. “స్వాన్ వంత” అని పైన పెట్టారంటే, పాపం ఆయనకేం కష్టమొచ్చిందో అని కండువాతో కళ్ళు తుడుచుకుంటూ వస్తారు.

అది అలా ఉంచితే, వీళ్ళని జంటకవులు అంటే సరిపోదా? తిరుపతి వెంకట కవుల్లో తిరుపతి శాస్త్రిగారు 1920లో పోయాక కూడా చెళ్ళపిళ్ళవారు తన రచనల మీద ఇద్దరి పేర్లూ వేసుకున్నారు.

జవాబు, మళ్ళీ నేను:

మాస్టారూ, జంటకవులు అంటే ఈ పద్యం ఎవరిదో చెప్పలేం, అదే అందులో అందం. ఇక్కడ మాట ఎవరిదో, మెట్టు ఎవరిదో స్పష్టంగా తెలుసు. పైగా 1967లో న్యూయార్క్‌లో చివరి ప్రదర్శన ఇచ్చి, జంటగా వేదిక ఎక్కడం మానేశారు. ఆ ఏడాదే, “లార్డ్ ఆఫ్ ద రింగ్స్” రాసిన టోల్కీన్ కవితలకు స్వాన్ కట్టిన బాణీలు అచ్చయ్యాయి. జంటకవుల కట్టుబాటు వీళ్ళకి అతకదు.

మేడమ్, మీరన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. “వంత పాడటం” అనే క్రియ చేజారిపోయింది, దాన్ని వెనక్కి తేలేం. కానీ ఒట్టి “వంత” అనే నామవాచకం ఇంకా బతికే ఉంది. “ఆయన నాజర్ దగ్గర వంతగా చేశాడు” అంటే ఎవరూ తిట్టు అనుకోరు, గొప్పగా చూస్తారు. నేను రాసింది ఆ వంత. మీరే దాని పక్కన “పాడేవాడు” తగిలించారు!

జవాబు, కరీంనగర్ నుంచి వచ్చి ఉప్పల్‌లో ఉంటున్న ఒకరు:

అన్నా, ఈ మాట నిజం. మా దిక్కు కథ చెప్పేటప్పుడు పక్కన ఉండేటాయన ఊకె ఊఁ కొట్టడు. “అట్లనా? మరి గప్పుడు నువ్వు ఏడ పోయినవ్?” అని ఎదురు అడుగుతడు. ఆ అడిగే మనిషి మంచోడు దొరకకుంటే కథ చెప్పేటాయన ఎంత పెద్దోడైనా జనం లేచి పోతరు.

ఇంతకీ వాళ్ళ బస్సు పాట ఆదివారం వేస్తున్నరా లేదా?

జవాబు, నేను:

వేయకుండా ఉంటామా తమ్ముడూ! దాని గురించే భాషాపరంగా ఒక సరదా ఉంది. లండన్ ఎర్రబస్సు డ్రైవరూ కండక్టరూ పాడే పాట అది. బస్సును ఊరికే బస్సు అనరు. పెద్దది, ఆరు చక్రాలది, ఎర్రరంగుది, డీజిలుది, 97 గుర్రాల శక్తిది అని విశేషణాల తోరణం కట్టి పాడతారు. వింటుంటే మన దండకమే గుర్తొచ్చింది. దేవుడికి కట్టాల్సిన తోరణం బస్సుకి కట్టడంలోనే నవ్వంతా ఉంది. మన సిటీలో కూడా 2003 దాకా డబుల్ డెక్కర్లు తిరిగాయి కాబట్టి పై అంతస్తు ముందు సీటు కోసం పరిగెత్తినవాళ్ళు ఈ పాటను వెంటనే పట్టుకుంటారు. నా ప్రయత్నం ఇది, తగణాలు (రెండు గురువులు, ఒక లఘువు) సరిచూడండి:

శ్రీమన్మహాదీర్ఘ షట్చక్రసంయుక్త రక్తాంగ లండన్పురీవాస బస్సా నమస్తే నమస్తే నమః

జవాబు, రిటైర్డ్ లెక్చరర్:

గణాలు కుదిరాయి. “లండన్పురీవాస” దగ్గర వ్యాకరణం తల దించుకుంది కానీ దండకం తల ఎత్తుకుంది. మరి 97 గుర్రాలు ఏవండీ?

జవాబు, నేను:

“సప్తనవతి” అంటే ఒక గురువూ, వెనకాల వరసగా నాలుగు లఘువులూ. ఆ గుర్రాల్ని తగణం కట్టుకొయ్యకి కట్టడం నా వల్ల కాలేదు మాస్టారూ.

జవాబు, మేడమ్:

దండకానికి మార్కులు వేస్తాను, వంతకి ఇంకా వేయలేదు. ఒక ముసలి రసికుడు పడుచుపిల్లకి వైన్ పోసే పాట కూడా వీళ్ళదే కదా? అందులో ఒకే క్రియకి సంబంధం లేని నాలుగు కర్మలు తగిలించి నవ్విస్తారు. తెలుగులో అది ఇంకా బాగా పండుతుందని నా అభిప్రాయం. మన క్రియలకి ఆకలెక్కువ. చూడండి: మా అద్దెవాడు ఏడాదిపాటు నాకు నమస్కారం, ఆశ, ఆఖరికి పంగనామం పెట్టాడు.

జవాబు, ఉప్పల్ తమ్ముడు:

మేడమ్, మా ఆఫీసుల ఒకాయన పొద్దున్నుంచి సాయంత్రం లోపల ఇడ్లీ, లంచం, నా బుర్ర, పెద్దసారు చేత చివాట్లు తిన్నడు.

జవాబు, నేను:

ఈ రెండూ ఆదివారం చదివి వినిపిస్తాను, మీ పేర్లు చెప్పమంటే చెబుతాను. మేడమ్, పరిచయంలో ఆ వాక్యాన్ని ఇలా మార్చాను: “ఫ్లాండర్స్ కథకుడు, స్వాన్ అడ్డం తిరిగే వంత. బాణీలన్నీ దాదాపు ఆయనవే.” దాదాపు అని ఎందుకంటే, దొంగలెత్తుకుపోయిన కొమ్ముబూర మీద రాసిన పాటకి ఫ్లాండర్స్ సాక్షాత్తూ మోట్సార్ట్ ఆ కొమ్ముబూర కోసం కట్టిన హార్న్ కాన్చెర్టో బాణీనే వాడుకున్నాడు. మన పేరడీ కవులు సినిమా పాట మీద రాసినట్టే.

జవాబు, మేడమ్:

“అడ్డం తిరిగే” ఉంటే నాకు అభ్యంతరం లేదు. అది తీసేస్తే మాత్రం మళ్ళీ వస్తాను. ఆదివారం ఎన్నింటికి?