మీటరు ఉండగా ఇంధనం ఎలా అయిపోతుంది?

ప్రశ్న (జయపురం, కోరాపుట్ జిల్లా):
మా అమ్మాయి విమానం నడపడం నేర్చుకుంటోంది. చిన్న విమానాలు ఇంధనం అయిపోయి కూలుతున్నాయని చదివినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. మీటరు ఉంటుంది కదా?

జవాబు (బరంపురం):
అన్నగారూ, నేను ముప్ఫై ఏళ్లు సెస్నా అనే చిన్న విమానాలు బాగుచేశాను. మీటరు ఒక్కదాన్నే నమ్మకూడదు. పాత విమానాల్లో ట్యాంకులో తేలే బెండు కదిలితేనే ముల్లు కదులుతుంది. రెక్క ఒరిగితే లెక్క తప్పుతుంది. ఒకసారి ముల్లు సగం చూపిస్తుంటే రెక్క దగ్గరికెక్కి కొలపుల్ల ముంచాను. చివర రెండు వేళ్ల మందాన తడి, అంతే! ఆ పుల్ల ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. ప్రతిసారీ తానే మూత తీసి చూడమని అమ్మాయికి చెప్పండి.

జవాబు (పర్లాకిమిడి):
ఎదురుగాలిని మరవకండి. గంట ప్రయాణం గంటన్నర కావచ్చు. అమెరికా నిబంధనల ప్రకారం, కంటిచూపుతో నడిపే విమానంలో గమ్యం చేరాక పగలైతే 30, రాత్రయితే 45 నిమిషాలకు సరిపడా ఇంధనం మిగలాలి.

ప్రశ్న (జయపురం):
ఇంజను ఆగిపోతే?

జవాబు (బరంపురం):
రాయిలా పడదు. సెస్నా 172 గాలి లేనప్పుడు కిలోమీటరు ఎత్తు నుంచి సుమారు 9 కిలోమీటర్లు జారుతూ వెళ్లగలదు. మన కొండల్లో చదును నేల దొరకడమే కష్టం.