ఇంట్లో వాడే వస్తువుల మీద పిల్లలచేత కవితలు రాయించడం ఎలా?

ప్రశ్న: తార్నాక తెలుగు టీచర్

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లోని ఒక ఇంగ్లీషు మీడియం బడిలో నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు తెలుగు చెబుతున్నాను. ఇంట్లో రోజూ వాడే వస్తువులను కీర్తిస్తూ చిన్న కవితలు రాయించాలని ఈ ఏడాది సంకల్పించాను. శ్రీశ్రీ ‘ఋక్కులు’లో కుక్కపిల్ల, అగ్గిపుల్ల, సబ్బుబిళ్ల వచ్చే చోటు చదివి వినిపిస్తే తరగతి అంతా ఉత్సాహపడింది. కాని రాయడానికి కూర్చోగానే, వస్తువు గొడుగైనా గడియారమైనా, దాదాపు అందరూ ఒకే కవిత రాస్తున్నారు: “ఓ గొడుగూ, నువ్వు చాలా గొప్పదానివి, మమ్మల్ని వాన నుంచి కాపాడతావు, మేము కూడా నీలాగే ఇతరులకు సాయపడాలి.” వస్తువు వల్ల కలిగే ఉపయోగాలు రెండు, చివర ఒక నీతి, మధ్యలో ప్రాస కోసం తెచ్చిపెట్టిన మాటలు. ఆ గొడుగు ఎవరిదో, ఏ రంగుదో కూడా కవితలో కనిపించదు. పిల్లల చూపును వస్తువు మీద నిలబెట్టడానికి మీరు తరగతిలో ఏం చేస్తారు? ప్రాస కోసం పట్టుబట్టాలా, వదిలేయాలా?

జవాబు: విశ్రాంత తెలుగు పండితుడు, నల్లకుంట

అమ్మా, మీరు చెప్పిన ఆ చివరి నీతి ఎక్కడి నుంచి వస్తోందో ఆలోచిస్తే సగం దారి దొరుకుతుంది. మన పిల్లలు మొట్టమొదట కంఠస్థం చేసేవి శతక పద్యాలు. వేమన ఉప్పునూ కప్పురాన్నీ పక్కపక్కన పెట్టింది వాటి కోసం కాదు, మనుషుల్లో ఉన్న తేడా చెప్పడానికి. వస్తువు ఆయనకు మెట్టు మాత్రమే, దాని మీద కాలు మోపి మనిషి దగ్గరికి వెళ్లిపోతాడు. అది మహత్తరమైన పద్ధతే గాని, మీరు అడుగుతున్నది వేరే పని: మెట్టు దగ్గరే ఆగి, ఆ మెట్టునే చూడడం. ఈ తేడాను పిల్లలకు ముందే విడమరచి చెప్పండి, వాళ్లకు అర్థమవుతుంది.

చిలీ కవి పాబ్లో నెరూడా ఈ పనినే పెద్ద ఎత్తున చేశాడు. ఉల్లిగడ్డ మీద, ఉప్పు మీద, తనకెవరో అల్లి ఇచ్చిన ఉన్ని మేజోళ్ల మీద కీర్తనలు రాశాడు; వాటి మొదటి సంపుటం 1954లో వచ్చింది. ఆ మేజోళ్ల కవితలో ఆయన పొగిడింది లోకంలోని మేజోళ్లన్నిటినీ కాదు, తన కాళ్లకున్న ఆ ఒక్క జతను. కాబట్టి “గొడుగు గురించి రాయండి” అనకండి. ఇంట్లో వాడి వాడి అరిగిన ఒక్క వస్తువును బడికి తెమ్మనండి. కొత్తది వద్దు, ఎందుకంటే కొత్త వస్తువులో చూడడానికి పెద్దగా ఏమీ ఉండదు. రాసే ముందు కొంతసేపు దాన్ని తిప్పి తిప్పి చూసి, సొట్టలు, గీతలు, వాసన, బరువు, మోత, అన్నిటినీ పొడిమాటల్లో రాసుకోమనండి. “మంచి”, “గొప్ప”, “అందమైన” అనే మూడు మాటలను ఆ రోజుకు నిషేధించండి.

ప్రాస సంగతి: తొమ్మిదేళ్ల పిల్లలను దాని కోసం పీడించవద్దు. పై తరగతుల పిల్లలైతే ఆటవెలది ప్రయత్నించవచ్చునని నా అభిప్రాయం.

జవాబు: బాలల గ్రంథాలయ కార్యకర్త, సికింద్రాబాద్

పండితుల వారి మాటతో చాలావరకు ఏకీభవిస్తాను, ఆటవెలది విషయంలో తప్ప. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు లెక్కపెట్టుకుంటున్న పిల్లవాడు చేతిలోని గిన్నెను చూడడు, వేళ్లను చూసుకుంటాడు. ఛందస్సు నేర్పవలసిందే, కాని అది మరో రోజు పని.

కవితకు ఏదో ఒక కట్టు ఉండాలన్నది మాత్రం నిజం. అమెరికా కవి కెనెత్ కాక్ న్యూయార్క్‌లోని ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు కవిత్వం నేర్పినప్పుడు ప్రాసను పక్కనపెట్టి, ప్రతి పంక్తినీ ఒకే మాటలతో మొదలుపెట్టించాడు. మనకు అంత దూరం పోనక్కరలేదు, పొడుపుకథలు ఉన్నాయి. “అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది” అంటే కవ్వమని ఇంకా కొందరు పిల్లలైనా చెప్పగలరు. ఇందులో కవ్వం వల్ల ఉపయోగమేమిటో లేదు, నీతి లేదు, పొగడ్త మాట ఒక్కటీ లేదు. అయినా కవ్వం కళ్లముందు తిరుగుతుంది. ఇప్పుడు దాన్నే కవ్వంతో నేరుగా మాట్లాడుతున్నట్టు మార్చమనండి: “అడవిలో పుట్టావు, అడవిలో పెరిగావు, మా ఇంటికొచ్చావు, తైతక్కలాడావు.” క్రియలు మారేసరికి పొడుపుకథ కాస్తా కీర్తన అయిపోతుంది. నేను పిల్లలచేత ముందు తమ వస్తువు మీద పొడుపుకథ కట్టిస్తాను, పేరు చెప్పకుండా పక్కవాళ్లచేత విప్పిస్తాను. విప్పలేకపోతే వర్ణన చాలలేదన్నమాట, మళ్లీ చూసి రాయాలి. ఎవరో ఒకరు విప్పిన తరువాతనే “నువ్వు” అని పిలుస్తూ తిరగరాయడం. ఈ రెండో మెట్టుకు చేరిన పిల్లలు ప్రాస గురించి అడగగా నేను చూడలేదు.

జవాబు: ఒక తల్లి, మియాపూర్

టీచర్ గారూ, ఒక మనవి. 2018 చట్టం వచ్చాక మన రాష్ట్రంలో అన్ని బడుల్లోనూ తెలుగు చదవడం తప్పనిసరి అయింది గనుక, ఇంట్లో ఉర్దూ, హిందీ, మరాఠీ మాట్లాడే పిల్లలు కూడా మీ తరగతిలో ఉండే ఉంటారు. తెలుగు మాతృభాష అయిన మా అబ్బాయికే ఒత్తులు, గుణింతాలు కూడబలుక్కుని రాసేలోపు చెప్పదలచుకున్నది మరుగున పడిపోతుంది. అటువంటి పిల్లలు నోటితో చెబుతుంటే మీరో, బాగా రాయగల తోటి పిల్లలో రాసిపెట్టే వీలు కల్పించండి. పాన్‌దాన్ తెచ్చినా, రంజన్ (నీళ్ల కుండ) గురించి చెప్పినా ఇంట్లో దాన్ని ఏమంటారో ఆ మాటనే ఉంచనివ్వండి.

టీచర్ మళ్లీ:

అందరికీ కృతజ్ఞతలు. మీ సూచనలన్నీ కలిపి తరగతిలో ప్రయత్నించాను. ఒక అమ్మాయి పాత స్టీలు గిన్నె తెచ్చింది. దాని అంచున, పూర్వం కొట్లో చుక్కలు చుక్కలుగా కొట్టించినట్టు, వాళ్ల అమ్మమ్మ పేరు ఉంది. ఆమె చెప్పగా స్నేహితురాలు రాసిన కవితను వాళ్ల అనుమతితో ఇక్కడ పెడుతున్నాను:

“గిన్నే, నీ అంచున మా అమ్మమ్మ పేరుంది,
చివరి అక్షరం సగం అరిగిపోయింది.
బల్ల మీద పెడితే ఒక పక్కకు ఒరుగుతావు,
నీలో పెరుగు కూడా ఒక పక్కకే తోడుకుంటుంది.
నీలాగే అందరం ఉపయోగపడాలి.”

ఆ చివరి పంక్తిని ఏం చేయాలో తోచడం లేదు. నేను కొట్టేస్తే ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంటుందేమో.

జవాబు: విశ్రాంత తెలుగు పండితుడు, నల్లకుంట

నాలుగో పంక్తి ఎంత బాగుందమ్మా! ఒరిగిన గిన్నెలో పెరుగు ఏటవాలుగా తోడుకుంటుందని, ఇంట్లో దాన్ని రోజూ చూసిన పిల్ల తప్ప ఎవరూ చెప్పలేరు. చివరి పంక్తిని మీరు కొట్టేయవద్దు. కవితను రెండు విధాలుగా, ఆ పంక్తితో ఒకసారి, అది లేకుండా ఒకసారి, ఆ అమ్మాయిచేతనే తరగతి ముందు చదివించండి; ఈ గిన్నెకు మాత్రమే చెల్లే పంక్తులేవో, ఏ వస్తువుకైనా అతికే పంక్తి ఏదో పిల్లలనే అడగండి. తీసేయాలో ఉంచాలో ఆ అమ్మాయే నిర్ణయించుకుంటుంది. ఉంచుతానంటే ఈసారికి ఉంచనివ్వండి.