‘బ్యాడ్-టెంపర్డ్’ను ఎలా విడదీయాలి, ఎక్కడ ఊనాలి?

‘బ్యాడ్-టెంపర్డ్’ అన్న సమాస విశేషణంలో సిలబుళ్లు మూడా నాలుగా, ఊనిక (స్ట్రెస్) ‘బ్యాడ్’ మీదా ‘టెం’ మీదా అని నరసన్నపేట మాస్టారు ఒకరు నిన్న అడిగారు.

సిలబుళ్లు మూడే. పిల్లలు స్పెల్లింగు చూసి ‘టెం-ప-రెడ్’ అని చదువుతారు గాని, చివరి ‘ఈడీ’ సాధారణంగా ట, డ ధ్వనుల తర్వాతనే విడి సిలబుల్‌గా పలుకుతుంది; అందుకే ‘కైండ్-హార్టెడ్’లో ‘టెడ్’ వేరుగా వినిపిస్తుంది, ‘బ్లూ-ఐడ్’లో అటువంటిదేమీ ఉండదు. ‘వికెడ్’, ‘నేకెడ్’ వంటివి మినహాయింపులు. సవర మాటలను చెవితో పట్టి రాసుకున్న గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లా మనది. స్పెల్లింగు కన్నా చెవినే నమ్మమని పిల్లలకు చెప్పడానికి మనం వెనుకాడనక్కర్లేదు.

అసలు చిక్కు ఊనికది. మన ఛందస్సు లెక్కన ‘బ్యాడ్’, ‘టెం’, ‘పర్డ్’ మూడూ గురువులే, అంటే నిండు మగణం. అందుకే మనం మూడింటినీ ఒకే బరువుతో పలుకుతాం. ఇంగ్లిషు వారి నోట ‘పర్డ్’లో అచ్చు దాదాపు నలిగిపోతుంది, మిగిలిన రెండింటిలో ఒకటి పైకి లేస్తుంది. గురువంటే పలకడానికి పట్టే కాలం, ఊనికంటే గొంతు మోపే బలం. ‘వచ్చీసినాడు’ అన్నప్పుడు మన సిక్కోలు మాటలో ‘చ్చీ’ సాగడం కూడా మొదటి రకానిదే.

ఆ లేచేది ఏదన్నది వాక్యంలో చోటును బట్టి ఉంటుంది. నేను ట్యూషను చెప్పే ఒక అమ్మాయి చేత, ఊనిక ఉన్నచోట బల్లమీద వేలితో కొట్టమని, రెండు వాక్యాలు చదివించాను. ‘ద హౌస్ ఈజ్ ఓల్డ్-ఫ్యాషన్డ్’ అన్నప్పుడు చివరి దెబ్బ ‘ఫ్యా’ మీద పడింది. ‘యాన్ ఓల్డ్-ఫ్యాషన్డ్ హౌస్’ అనేసరికి, ‘హౌస్’ మీద ఒక గట్టి దెబ్బ ఎలాగూ పడాలి కనుక, దానికి ఎడమిస్తూ ముందరి దెబ్బ ‘ఓల్డ్’ మీదికి జరిగింది. ‘థర్టీన్’ విడిగా అన్నప్పుడు ‘టీన్’ మీద ఉన్న ఊనిక ‘థర్టీన్ బాయ్స్’లో ‘థర్’ మీదికి పోవడమూ ఈ పద్ధతే. మాస్టారు అడిగిన మాటా అంతే: నామానికి ముందు వస్తే ‘బ్యాడ్’ మీద, వాక్యం చివర వస్తే ‘టెం’ మీద ఊనాలి.

అయితే ‘హోమ్‌సిక్’, ‘కలర్-బ్లైండ్’ వంటి వాటిలో ఊనిక ఎక్కడైనా మొదటి మాట మీదనే నిలుస్తుంది. వాటిని ఈ జాబితాలో కలపకండి.